అప్‌డేట్: పాత మాసీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరుకు డ్రాబార్ (బండిని తగిలించి లాగే పట్టీ) అమర్చాము

చెన్నై శివారు రెడ్‌హిల్స్ దగ్గర మా తోటలో ఉన్న పాత మాసీ ఫెర్గూసన్ 35తో నీళ్ల ట్యాంకరు లాగించాలంటే దానిని ఎక్కడ తగిలించాలని లోగడ అడిగాను. ఆ పని ఇప్పుడు పూర్తయింది.

ట్యాంకరు తగిలించడానికి టాప్ లింక్ బ్రాకెట్ (ట్రాక్టరు వెనుక, పనిముట్ల పై కడ్డీని బిగించే చోటు) చాలునన్న సలహాను పక్కన పెట్టాము. లాగే బిందువు వెనుక ఇరుసు మధ్యరేఖకు పైన ఉంటే, బరువు కదలక మొరాయించినప్పుడు ట్రాక్టరు ముందు భాగం పైకి లేచి, డ్రైవరు క్లచ్ తొక్కేలోపే బండి వెనక్కి తిరగబడగలదు.

రంధ్రాలున్న అడ్డపట్టీని రెండు లోయర్ లింకుల (హైడ్రాలిక్ శక్తితో పైకీ కిందికీ కదిలే వెనుక చేతుల) మధ్య బిగించడం ఈ బండికి వాడుకలో ఉన్న పద్ధతే గాని, హైడ్రాలిక్ లివర్ కదిలితే పట్టీతోపాటు లాగే బిందువు కూడా పైకి లేస్తుంది. అందుచేత చెన్నైలో పాత వాహన భాగాలు అమ్మే పుదుపేటలో దొరికిన స్టే కడ్డీలతో (పట్టీని కదలకుండా పట్టి ఉంచే కడ్డీలు) దానిని ఒకే ఎత్తున నిలిపాము. డ్రాబార్‌ను వెనుక ఇరుసు పెట్టెకే వెల్డింగ్ చేస్తానని మెకానిక్ అన్నారు. పోత ఇనుము ఆ వేడికి పగిలే ప్రమాదం ఉన్నందున నేను ఒప్పుకోలేదు.

ట్యాంకరును తగిలించే పిన్ను జారిపోకుండా దానికి లించ్‌పిన్ (అడ్డుమేకు), అదనంగా గొలుసు వేశాము. ట్యాంకరుకు సొంత బ్రేకులు లేవు కనుక, వాలు దిగేటప్పుడు తక్కువ గేరులోనే నడుపుతూ, ఎడమ, కుడి చక్రాలకు వేర్వేరుగా ఉన్న రెండు బ్రేకు పెడళ్లను గొళ్లెంతో కలిపి ఉంచుతున్నాము.