ఖుక్రీతో పాటు మునిగినవాళ్లని బయటికి తీయమని అడగొచ్చా? మా ఇంట్లో తెగని గొడవ

సిక్కోలు అబ్బాయి:

మా చిన్నాన్న నేవీలో సెయిలర్. 1971 యుద్ధంలో ఐఎన్ఎస్ ఖుక్రీ మీద ఉన్నాడు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. డిసెంబర్ 9 రాత్రి, డయ్యూ తీరానికి సుమారు 40 నాటికల్ మైళ్ల దూరంలో, పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ ఆ ఓడని టార్పెడోతో కొట్టింది. నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోనే ఉండిపోయారు. 67 మంది బతికి బయటపడ్డారు. వాళ్లలో మా చిన్నాన్న లేడు. అప్పటికి ఇరవై మూడేళ్లు, పెళ్లి కాలేదు.

ఇంట్లో మిగిలినవి రెండే. ఒకటి టెలిగ్రాం. రెండోది ఆయన రాసిన ఆఖరి ఇన్‌లాండ్ లెటర్. "సంక్రాంతికి లీవు అడిగాను, అమ్మకి మాత్రం చెప్పకండి, దొరక్కపోతే బెంగ పెట్టుకుంటుంది" అని ఉంటుంది అందులో. కింద ఇంకో వాక్యం ఉంది కానీ, తెరిచేటప్పుడు జిగురు పట్టి ఆ అంచు చిరిగిపోయింది. "పంపిన" అనే మాట వరకే కనిపిస్తుంది.

ఇప్పుడు గొడవేంటంటే, అమెరికాలో ఉన్న మా బావ (మేనత్త కొడుకు) పిటిషన్ వేద్దామంటున్నాడు. అక్కడ ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఎముకలకి పేర్లు పెట్టి ఇళ్లకి పంపుతున్నారు, మనవాళ్లు ఎందుకు చేయరు అంటాడు. ఆ ఓడని కదపకూడదని నా మనసుకి అనిపిస్తోంది. కానీ ఎందుకో గట్టిగా చెప్పలేకపోతున్నా. మా మేనత్తకి 79 ఏళ్లు. ఆవిడ ఉండగానే ఏదో ఒకటి తేలాలి.

డల్లాస్ తెలుగు:

మీ బావగారి మాటలో న్యాయం ఉంది. 1941లో హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది. అప్పుడు యుద్ధనౌక యూఎస్ఎస్ ఒక్లహోమా మునిగి 429 మంది పోయారు. చాలామందిని గుర్తుపట్టలేక హవాయిలో "అనామకులు" అని పాతిపెట్టారు. 2015లో ఆ సమాధులు తవ్వి డీఎన్ఏ చూశారు. 2021 నాటికి 361 మందికి పేర్లు దొరికాయి. వాళ్ల తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు, అయినా చేశారు. ప్రాణమిచ్చినవాడి విషయంలో దేశం ఆ మాత్రం కష్టపడకపోతే ఎలా?

గాజువాక రిటైర్డ్:

నేను ఇరవై ఏళ్లు నేవీలో చేశాను. డల్లాస్ గారూ, మీరు చెప్పింది నిజమే, కానీ సగం. ఒక్లహోమావాళ్ల ఎముకలు నేల మీద సమాధుల్లో ఉన్నాయి. ఆ ఓడని యుద్ధం జరుగుతుండగానే, 1943లో, పైకి లేపారు. అదే రేవులో అరిజోనా కూడా మునిగింది. 1,177 మంది పోయారు, తొమ్మిది వందల మందికి పైగా ఇప్పటికీ లోపలే ఉన్నారు. దాన్ని మాత్రం పైకి లేపలేదు. బతికినవాళ్లలో కొందరు, తాము పోయాక తమ అస్థికలు కూడా ఆ ఓడలోనే పెట్టమని కోరుకున్నారు. ఒకే దేశం, ఒకే రోజు, ఒకే రేవు.

మన వైజాగ్ సంగతే చూడండి. ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర నిలబడితే ఎదురుగా ఉన్న నీళ్లలోనే, 1971 యుద్ధంలో మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఉంది. 93 మంది పోయారు, చాలామంది ఇప్పటికీ లోపలే. 2024లో మన నేవీ దాని జాడ మళ్లీ కనిపెట్టింది, కానీ ముట్టుకోలేదు. శత్రువైనా అది నావికుల సమాధి. రేపు మనం ఖుక్రీని తెరుస్తామంటే, వాళ్లొచ్చి ఘాజీని తెరుస్తామంటారు. అప్పుడేం చెప్తాం? అబ్బాయీ, నీ మనసుకి అనిపిస్తున్నదే సరైనది.

ఉప్పుటేరు:

రిటైర్డ్ గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. "సముద్రమే సమాధి" అని ఓడ మీద పనిచేసినవాళ్లు అనగలరు. ఇంట్లో ఉన్న ఆడవాళ్లు అంత తేలిగ్గా అనలేరు. మాది మత్స్యకారుల ఊరు. వేటకెళ్లి రానివాడి ఇంట్లో ఏం జరుగుతుందో చిన్నప్పటినుంచి చూస్తున్నా. శవం లేదు కాబట్టి చనిపోయినట్టు కాగితం రాదు, చట్టం ప్రకారం ఏడేళ్లు ఆగమంటారు. బొట్టు తీయాలా వద్దా అని ఆ ఏడేళ్లూ ఊరంతా మాట్లాడుతుంది. దర్భలతోనో మోదుగాకులతోనో బొమ్మ చేసి దహనం చేస్తే కర్మ పూర్తయిందంటారు. చేసిన మర్నాడు కూడా ఆ తల్లి ఒడ్డుకొచ్చి కూర్చుంటుంది.

ఇంకో మాట. ముట్టుకోకుండా వదిలేస్తే పదిలంగా ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? 1942లో జావా సముద్రంలో మునిగిన డచ్ యుద్ధనౌకలు 2016లో చూస్తే అక్కడ లేవు. ఇనుము కోసం కోసి పట్టుకుపోయారు. లోపలున్నవాళ్లు ఏమయ్యారో ఎవరికీ తెలియదు.

ల్యాబ్ మనిషి:

డీఎన్ఏ పని చేసేవాణ్ణి కాబట్టి ఆ ముక్క వరకు చెప్తాను. ఆస్ట్రేలియా ఓడ హెచ్ఎంఏఎస్ సిడ్నీ 1941 నవంబర్ 19న 645 మందితో మునిగింది, ఒక్కరూ మిగల్లేదు. కొన్ని నెలలకి క్రిస్మస్ ఐలాండ్ దగ్గరికి ఒక తెప్ప కొట్టుకొచ్చింది, అందులో ఒక శవం. పేరు తెలియక అక్కడే పాతారు. 2006లో ఆ సమాధి వెతికి తవ్వారు. చివరికి 2021లో, సరిగ్గా ఎనభై ఏళ్లకి, ఆయన థామస్ వెల్స్‌బీ క్లార్క్ అని ప్రకటించారు. ఓడ 2008లో దొరికింది, దాన్ని మాత్రం కదపలేదు. ఓడని వదిలేయడం, మనిషికి పేరు వెతకడం రెండూ కలిసే నడిచాయి. మీరు ఒకటి వద్దంటే రెండోది కూడా వద్దన్నట్టు వాదించుకుంటున్నారు.

ఇక అర్జెంటు విషయం. పాత ఎముకల్లో ఎక్కువగా దొరికేది తల్లి వైపునుంచి వచ్చే డీఎన్ఏ. అది మీ చిన్నాన్నకీ, మీ నాన్నకీ, మేనత్తకీ ఒకటే. కానీ మీ నాన్న నుంచి మీకు రాదు. మేనత్త నుంచి ఆవిడ పిల్లలకి వస్తుంది. అంటే మీ బావ దగ్గర ఉన్నది మీ దగ్గర లేదు. మేనత్తగారి శాంపిల్ ఇప్పుడే తీయించి దాచండి. బుగ్గ లోపల దూది పుల్లతో రుద్దితే చాలు, నొప్పి ఉండదు.

గాజువాక రిటైర్డ్:

పోల్చడానికి ఎముకే లేనప్పుడు శాంపిల్ తీసి ఏం చేస్తారు? పెద్దావిడకి లేనిపోని ఆశ పెట్టడం తప్ప. దీనికి నేను ఒప్పుకోను.

ముందు కాగితాల్లో మనిషిని వెతుకు బాబూ. సెయిలర్‌కి అఫీషియల్ నంబర్ ఉంటుంది, టెలిగ్రాం మీదో పెన్షన్ కాగితాల మీదో చూడు. అది పట్టుకుని ముంబై మాన్‌ఖుర్ద్‌లోని చీతా క్యాంప్‌కి, బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కి రాయి. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే మంచిది. ఢిల్లీ నేషనల్ వార్ మెమోరియల్‌లో త్యాగ్ చక్ర గోడల మీద పేర్లుంటాయి. మన ఇంటిపేర్లతో జాగ్రత్త. ఇంగ్లీషులో ఒక్క అక్షరంగా కుదించేస్తారు, ఒక్కోసారి ఇంటిపేరే పేరైపోతుంది. నాలుగైదు రకాలుగా రాసి వెతకాలి.

సిక్కోలు అబ్బాయి:

అందరికీ దండాలు. నిన్న మేనత్తకి ఇవన్నీ చదివి వినిపించాను. మధ్యలో ఆ ఉత్తరం తెమ్మంది. చదువుతూ చిరిగిన చోట ఆగాను. ఆవిడ ఆగలేదు. "పంపిన సున్నుండలు అందినాయి, అందరం తిన్నాం" అంది. నాకు నోట మాట రాలేదు. ఉత్తరం వచ్చిన రోజు ఆ చిరుగు ముక్క పక్కన పెట్టుకుని తనే అందరికీ చదివిందట. ఆ ముక్క తర్వాత ఎటో పోయింది. ఇన్నేళ్లూ మేం ఎవరం అడగలేదు.

శాంపిల్ ఇస్తానంది. రిటైర్డ్ గారూ, క్షమించాలి, ఆశ పెట్టుకునే ఇస్తోంది. ఓడని మాత్రం కదపొద్దంది. "ఆ పిల్లలందరూ ఒక దగ్గరున్నారు, మనోడినొక్కడినే ఎలా తెస్తార్రా" అని అడిగింది. బావ ఇంకా ఒప్పుకోలేదు, ఫోన్ పెట్టేశాడు.

టెలిగ్రాం మీద నంబర్ ఉంది, ఒక అంకె చెరిగిపోయింది. భూతద్దం పెట్టి చూస్తున్నా, 3 లాగా ఉంది, 8 కూడా కావచ్చు. రెండూ రాసి పంపుతాను.

డిసెంబర్‌లో అత్తని డయ్యూ తీసుకెళ్దామనుకుంటున్నా. వెరావల్ దాకా రైలు, అక్కడినుంచి రోడ్డు. ఖుక్రీ మెమోరియల్ సముద్రం పక్కన గుట్ట మీద ఉంటుందంటున్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడ మెట్లు ఎన్ని ఎక్కాలో చెప్పండి.