రోడ్డు వెడల్పులో మా వీధి వరండా పోతోంది. పోతే పోనివ్వాలా?

అయ్యకోనేరు గట్టు:
విజయనగరంలో మాదొక పాత ఇల్లు. గంటస్తంభం దగ్గర్నుంచి నడిచి అయిదు నిమిషాలు. మా ముత్తాత గుమస్తాగిరీ చేస్తూ కట్టుకున్నాడు, వందేళ్లు దాటింది. మేడా కాదు, బంగళా కాదు. ముందు నాలుగు గుండ్రటి స్తంభాలు, మూడు కమానులతో వరండా, పక్కన ఆఫీసు గది, వెనక పెంకుల మండువా, పెరట్లో నుయ్యి. మొన్న వచ్చి ఎర్ర గీత కొట్టి వెళ్లారు. ఆరడుగులు పోతుందట, అంటే వరండా మొత్తం.

మా చిన్నాన్న మాట ఇది: "కంటోన్మెంట్‌లో దొరల బంగళాలు చూసి పెట్టించుకున్న సోకురా అది. అసలిల్లు మండువా. సోకు పోతే ఇల్లు పోదు, పరిహారం పుచ్చుకుందాం." నాకు మనసొప్పడం లేదు. ఎందుకంటే చెప్పలేకపోతున్నాను. మీరేమంటారు?

పెంకుటిల్లు:
మీ చిన్నాన్నగారే కరెక్ట్. ఎండకీ వానకీ మనవాళ్లు ఆలోచించి కట్టుకున్నది మండువా. స్తంభాలు నకలు. ఆ డబ్బుతో వెనక పెంకు నేయించుకోండి, హుద్‌హుద్ తుఫానుకి మావి సగం ఎగిరిపోయాయి.

రిటైర్డు మాస్టారు:
నకలు అని తేల్చేసే ముందు ఆఫీసు గదిని ఒకసారి చూడండి బాబూ. వీధిలోంచి దానికి వేరే గుమ్మం ఉందా? ఉండే ఉంటుంది. మండువాలోకి వెళ్లకుండా, ఇంట్లో ఆడవాళ్ల కంట పడకుండా కాగితాల పని మీద వచ్చినవాడు చెప్పులతో అక్కడి దాకానే రావాలి. ఊళ్లో అప్పటికి మహారాజావారి కాలేజీ ఉంది (1857లో బడిగా మొదలై 1879కి కాలేజీ అయింది), కోర్టు పనులు, సంస్థానం కచేరీ పనులు ఉన్నాయి, 1890లలో రైలు వచ్చింది. భూమి మీద కాక జీతం మీద బతికే ఇల్లు పుట్టింది. పొలమున్న ఇంటికి ముందు ధాన్యం కావాలి, జీతమున్న ఇంటికి ముందు కుర్చీ, బల్ల కావాలి. ఆ కుర్చీ వేసుకోడానికే మీ ముత్తాత వరండా కట్టాడు. దొరను చూసే కట్టాడనుకోండి, కట్టింది మాత్రం తన అవసరానికి. వెనక మండువా ఒక్కటే మిగిలితే అది ఏ పల్లెలో ఇల్లయినా కావచ్చు. ముందు వరండా, వెనక మండువా రెండూ ఉంటేనే అది విజయనగరం గుమస్తా ఇల్లు.

గురజాడ వారి ఇల్లు ఆయన పేరు మీద నిలబడింది. పేరు లేని గుమస్తా ఇంటికి పూచీ ఎవరు?

రెల్లివీధి కుర్రాడు:
మాస్టారూ, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల గురించే చెప్పారు. మా తాత ఇలాంటి వరండాల ముందు వీధిలోనే నిలబడి పని చెప్పించుకునేవాడట, మెట్టు ఎక్కనిచ్చేవారు కాదు. అది కూలిపోతోందంటే నాకు ఏడుపేమీ రాదు. ఉంచుతారా, ఉంచండి. కానీ ఆ మెట్టు సంగతి కూడా చెప్పండి.

రిటైర్డు మాస్టారు:
నిజమే. నేను దాటేశాను.

పెంకుటిల్లు:
అందుకేనండీ, పోనివ్వమనేది.

తాపీపని:
ఎవరు ఎక్కారు, ఎవరు ఎక్కలేదు అన్నది మీరు తేల్చుకోండి. నేను కప్పు గురించి చెప్తాను, ఎందుకంటే 'ఆరడుగులే కదా' అని ఇలాంటివి కోయడం చూశాను. వరండా మీదా, ఆఫీసు గది మీదా మద్రాసు టెర్రస్ అయ్యుంటుంది. టేకు వాసాలు, వాటి మీద పలచని ఇటుకలు అంచు మీద నిలబెట్టి ఐమూలగా పేరుస్తారు. పైన ఇటుక జల్లి, సున్నం పోసి, కరక్కాయ బెల్లం నీళ్లు చల్లుతూ రోజుల తరబడి కొయ్య బడితెలతో కొడతారు. అదంతా ఒకే పలక. వరండా వరకు కోస్తే గది మీద మిగిలిన ముక్కకి అంచు తెరుచుకుంటుంది. మొదటి వానకే నీళ్లు వాసాల చివర్లలోకి దిగుతాయి. అప్పుడేం చేస్తారు? సిమెంటుతో పూస్తారు. సున్నం గోడ చెమ్మని పీల్చి బయటికి వదులుతుంది, సిమెంటు వదలనివ్వదు. లోపల తడి, పైన పెచ్చులు. మూడేళ్లకి గది కూడా పోతుంది. మీ చిన్నాన్నగారు వరండా లెక్కే వేశారు, గది లెక్క వెయ్యలేదు.

కొయ్యాల్సివస్తే మాత్రం కోత దగ్గర కొత్త గోడ, కొత్త దూలం, మళ్లీ సున్నంతోనే అంచు. ఖర్చు పరిహారంలో సగం తినేస్తుంది, ముందే చెప్తున్నా.

పెంకుటిల్లు:
ఇది నాకు తెలీదు. సున్నం పని చేసేవాళ్లు ఇప్పుడు దొరుకుతారా?

తాపీపని:
వెతికితే దొరుకుతారు. ముసలోళ్లే.

అయ్యకోనేరు గట్టు:
నిన్న నిచ్చెన వేసి చూశాను. వాసాలు టేకే. మధ్యలో ఒకచోట ఇనప దూలం ఉంది, మసి తుడిస్తే 'డార్మన్ లాంగ్' అని ఆ ఇంగ్లాండు కంపెనీ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉబ్బెత్తుగా ఉంది. ఇంగ్లాండు ఇనుము, కరక్కాయ సున్నం ఒకే కప్పులో ఉన్నాయని చిన్నాన్నకి ఫోటో పంపాను. "అయితే ఆ ఇనుము తూకానికి ఎంతొస్తుందిరా?" అన్నాడు.

ఆఫీసు గదికి వీధి గుమ్మం ఉంది మాస్టారూ, ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. మెట్లు మూడు. తమ్ముడూ, నీ మాట విన్నాక పై మెట్టు మీద కూర్చోబోయి లేచిపోయాను.

తాపీపని గారూ, ఆదివారం రాగలరా? గీత కొట్టినవాళ్లు మంగళవారం మళ్లీ వస్తామన్నారు.