సముద్రపొడ్డున మళ్లీ సరుగుడే వెయ్యాలా, జాతులు కలిపి వెయ్యాలా?

ఓడలరేవు గాలి:
నమస్కారమండి. మాది కోనసీమలో సముద్రానికి దగ్గర ఊరు. ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న సరుగుడు తోపులో ఒక మూల చెట్లు ఎండిపోతున్నాయి. ముందు కొమ్మల చివర్లు వాడాయి. తర్వాత బెరడు బొబ్బలెక్కి పగిలింది. పగిలిన చోట వేలితో రాస్తే పొయ్యి మసిలాంటి నల్లపొడి అంటుకుంటోంది. ఎండినవి కొట్టేసి మళ్లీ నాటాలని ఊళ్లో అనుకుంటున్నాం. సగంమంది మళ్లీ సరుగుడే అంటున్నారు. ఈసారి పొన్న, కానుగ, జీడిమామిడి, తాటి కలిపి వేద్దామని నేను అంటున్నాను. అంతా ఒకే జాతి అయితే ఒక్క తెగులు చాలు, తోపంతా పోతుంది. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లం. ఆ తోపు మాకు కలప కాదండి, ఊరికి గోడ. మీరేమంటారు?

సర్వి రైతు:
నేను ఒప్పుకోనండి. ఉప్పుగాలికి ఓర్చుకుని, ఒట్టి ఇసుకలో అంత తొందరగా ఎత్తు లేచే చెట్టు ఇంకోటి చూపించండి. సరుగుడు వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉంటుంది, గాలిలో నత్రజనిని పట్టి చెట్టుకిస్తుంది. ఎరువు మొహం చూడని నేలలో అందుకే బతుకుతుంది. పొన్న మంచి చెట్టే, కానీ అది ఎదిగి గాలి ఆపేలోపు ఎన్ని తుపాన్లు వస్తాయి? ఇక మీరు చెప్పిన నల్లపొడి బెరడు తెగులు మన నాటు సరుగుడుకి ఎక్కువ. జుంగునియానా అనే మరో సరుగుడు జాతి, దానితో కలిపి తీసిన సంకర రకాలు దాన్ని తట్టుకుంటాయి. రకం మార్చండి చాలు.

అడవి చదువు:
సర్వి రైతు గారూ, తట్టుకునే రకం మాట నిజమే. కానీ ఆ రకాల నారు కొమ్మ ముక్కల నుంచి పెంచుతారు కదా, అంటే తోపంతా ఒకే చెట్టుకు నకలు. దాన్ని పడగొట్టే మరో తెగులు వస్తే ఆపడానికి మధ్యలో ఏముంటుంది? చైనాలో గ్వాంగ్‌డాంగ్ తీరంలోనూ తుపాను గాలికి అడ్డంగా సరుగుడే వేశారు. 1960ల నుంచి బాక్టీరియా ఎండు తెగులు వాళ్లని వదలలేదు. మన టమాటాని, వంగని వాడ్చేసే బాక్టీరియాయే అది.

కలిపి వెయ్యడం గురించి 2007లో హెర్వె జాక్టెల్, ఎకెహార్డ్ బ్రోకర్‌హాఫ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వందకు పైగా ప్రయోగాల ఫలితాలు కలిపి చూశారు. కలిపి పెంచిన అడవుల్లో పురుగుల తిండి మొత్తం మీద తగ్గింది. అయితే ఏదో ఒక జాతిని పట్టుకుని బతికే పురుగుల విషయంలోనే ఆ లాభం గట్టిగా కనబడింది. అన్నీ తినే పురుగుల దగ్గర ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. చెట్లు ఒకదానికొకటి వంశంలో దూరమైనవైతే లాభం ఎక్కువట. పురుగుకు పనికిరాని చెట్లు తోపులో ఎక్కువ పాలు ఉన్నా అంతే.

బోటనీ మాస్టారు:
అమెరికా చెస్ట్‌నట్ చెట్ల సంగతీ చెప్పాలి కదమ్మా. 1904లో న్యూయార్క్ జంతుప్రదర్శనశాలలో వాటిని చంపే బూజు తెగులు బయటపడింది. యాభై ఏళ్లు తిరక్కముందే 300-400 కోట్ల చెట్లు పోయాయని అంచనా. అవి ఒంటి జాతి తోటలు కావు, ఓక్‌లతో కలిసి పెరిగిన సహజమైన అడవులు. పక్కన ఎన్ని జాతులున్నా, గాలిలో కొట్టుకొచ్చే ఆ బూజు బీజాల నుంచి చెస్ట్‌నట్‌ని కాపాడలేకపోయాయి.

అడవి చదువు:
నిజమే మాస్టారూ. చెస్ట్‌నట్ పోయింది, కానీ అడవి పోలేదు. ఆ ఖాళీల్లోకి ఓక్‌లూ మిగతా చెట్లూ వచ్చాయి. ఆయన అడిగేది ఊరికి గోడ గురించి. సరుగుడు బతుకుతుందా అన్నది ఒక ప్రశ్న, సరుగుడు పోయిన రోజున గోడ నిలుస్తుందా అన్నది ఇంకో ప్రశ్న.

కొబ్బరి లంక:
చదువుకున్నవాళ్లు పెద్ద మాటలు చెప్పారు. నా తోటలో చూసింది చెప్తానండి. 2016లో మన దేశంలోకి వచ్చిన సర్పిలాకార తెల్లదోమ మా లంకకీ చేరింది. కొబ్బరాకు తిప్పి చూస్తే ముగ్గు పొడితో సుడులు గీసినట్టు తెల్లని వలయాలు, వాటి మీద దూదిలాంటి మైనం. అది కార్చే తీపి జిగురు కింది ఆకుల మీద పడి, దాని మీద నల్లటి మసి పట్టింది. కింద అరటి ఆకు నిమిరితే చెయ్యి నల్లబడేది. నాది కలిపి వేసిన తోట, కొబ్బరి కింద అరటి, కోకో, గట్టు మీద జామ. మరి ఎందుకు పట్టింది? ఆ దోమకి అరటీ కావాలి, జామా కావాలి. నేను నాలుగు జాతులు వేశాననుకున్నాను, దాని లెక్కలో అది నాలుగు వంటల విస్తరి.

ఆ కోపంలో అరటి పీకేద్దామనుకున్నాను. అడ్డుపడింది మా తోడల్లుడు. ఆ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే ఎన్‌కార్సియా అనే సన్నటి కందిరీగ జాతి పురుగు అరటి మీదే నిలవుంటుందనీ, మందులు కొడితే ముందు చచ్చేది అదేననీ చెప్పి, అరటినీ మెట్టతామరనీ తోటలో ఉంచమన్నాడు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం తయారుచేసే, దోమని చంపే ఇసారియా శిలీంధ్రం తెచ్చి చల్లాం. భూతద్దం పెట్టి చూస్తే కొన్ని దోమ పిల్లల వీపు మీద గుండ్రటి చిల్లులు. ఆ కందిరీగ బయటికొచ్చిన చిల్లులవి. దోమ మాయమైపోలేదు, కొబ్బరి తేరుకుంది. ఒకే అరటి మొక్క శత్రువుకీ ఇల్లే, దాని శత్రువుకీ ఇల్లే. కాబట్టి ఎన్ని జాతులు అని లెక్కపెట్టకండి. ఏ చెట్టు దేనికి చుట్టమో, ఏ తెగులుకి తోడో అడగండి.

అందుకే ఓడలరేవు గారూ, మీ జాబితాలో కానుగ చూసి ఆగాను. కొబ్బరి మొదలు కుళ్లబెట్టే గానోడెర్మా శిలీంధ్రం కానుగ మీదా ఉంటుంది, సరుగుడు మీదా ఉంటుంది. మీ తోపు వెనక కొబ్బరి తోటలుంటే, ఎండిన సరుగుడు కొట్టేసి మోడులు వదిలెయ్యకండి. వేళ్లతో సహా తీయించండి.

మడ దారి:
మాది కోరింగ మడ అడవుల వైపు. టేకు ఆకుల్ని తినేసే గొంగళిపురుగే మడ ఆకునీ తింటుంది. రెండు చెట్లూ చూపుకి ఎక్కడా పోలవు, వంశం మాత్రం దగ్గర. ఇంకొక్క మాట. మా దగ్గర ఒకప్పుడు నీరు పారక, ఉప్పు పేరుకుని మడ చచ్చిపోయిన చోట్లున్నాయి. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊళ్లవాళ్లు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటు నీళ్లు వచ్చి పోవడం మొదలయ్యాకే మొక్క నిలబడింది. మీ ఎండిన మూలలో వాన నీళ్లు నిలుస్తున్నాయేమో ముందు చూడండి.

సర్వి రైతు:
మోడుల సంగతి నాకు తట్టలేదు, కొబ్బరి లంక గారూ. నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. సముద్రం వైపు వరసల్లో సరుగుడే ఉంచండి, అక్కడ ముందుగా నిలబడేది అదే. కానీ ఒక్క నర్సరీ నారే కాకుండా విత్తనం నారూ కలపండి. వెనక వరసలు మీ ఇష్టం.

ఓడలరేవు గాలి:
అందరికీ దండాలండి. పొద్దున వెళ్లి చూశాను. ఎండిన మూల పల్లంలోనే ఉంది, మొన్నటి వాన నీళ్లు ఇంకా మడమ లోతున ఉన్నాయి. ముందు అక్కడి నుంచి కాలువ తీస్తాం, మోడులు వేళ్లతో లేపుతాం. ముందు వరసలు సరుగుడు, నాటు విత్తనం సగం, తట్టుకునే రకం సగం. వెనక పొన్న, తాటి, జీడిమామిడి. కానుగ వదిలేశాను, వెనక అన్నీ కొబ్బరి తోటలే. పొన్న కాయలు గుడి దగ్గర చెట్టు కింద పిల్లలు ఏరుతున్నారు, ఇప్పటికి బస్తాన్నర అయ్యాయి. ఆ కాయల్ని పెంకు పగలగొట్టి నాటాలా, అలాగే పాతెయ్యాలా?