రొయ్యల చెరువు గట్లకి, ఇంటి వాడకానికి కలిపి సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ ఏది తీసుకోవచ్చు?

గట్టుమీద_బండి
అందరికీ నమస్కారమండీ. మాది మొగల్తూరు పక్కన ఊరు. రొయ్యల చెరువులు, సగం సొంతం సగం కౌలు. ఇన్నాళ్లూ మామూలు కారు రోడ్డు మీద ఆపేసి గట్టు మీద నడవడమో, కుర్రాడి బైకు వెనక ఎక్కడమో చేస్తున్నా. వాన పడితే ఆ నల్లమట్టి మీద బైకు కూడా వెళ్లదు. ఒక్కోసారి నాలుగైదు మేత బస్తాలు, మందులు, రిపేరుకిచ్చిన మోటారు వేసుకెళ్లాలి. అదే బండిలో రోజూ పిల్లల్ని భీమవరం స్కూల్లో దింపాలి, నెలకోసారి అమ్మని విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మొత్తం ఐదుగురం. పది లక్షల లోపు. కొత్తది కొనే ఉద్దేశం లేదు. ఏది చూడమంటారు?

పాత_స్పానర్
మెకానిక్‌గా ఇరవై ఏళ్ల నుంచి చూస్తున్నా కాబట్టి మొదటే అడుగుతున్నా, ఏమీ అనుకోవద్దు. ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ పవర్ వెళ్లే బండి, నిజంగా కావాలా? ఏడాదిలో వాన వల్ల గట్టు ఎక్కలేని రోజులు ఎన్ని, ఇరవయ్యా ముప్పయ్యా? టూ వీల్ డ్రైవ్ బొలెరో తీసుకుని మంచి టైర్లు వేసుకుంటే సగం పని అయిపోతుంది, దిగబడితే ట్రాక్టర్ వాడికి ఐదొందలు. ఫోర్ బై ఫోర్ అంటే ముందు చక్రాలకి కూడా పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు డిఫరెన్షియల్, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్, ఇవన్నీ మీరు వాడినా వాడకపోయినా మోసుకు తిరగాలి, ఆయిల్ మార్చాలి. చాలామంది కొంటారు, మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆ ఫోర్ బై ఫోర్ లివర్ ముట్టుకోరు.

గట్టుమీద_బండి
మీరన్నది నిజమేనండీ, పగలైతే ట్రాక్టర్ పిలుస్తా. బాధంతా రాత్రి. కరెంటు పోయి జనరేటర్ అందుకోలేదనుకోండి, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతాయి. తెల్లారగట్ల రెండు నుంచి ఐదు మధ్య నీళ్లలో ఆక్సిజన్ మామూలుగానే తక్కువ, ఏరేటర్లు కూడా లేకపోతే గంట గంటన్నరలో రొయ్య పైకి తేలిపోతుంది. పోయినేడు వానలో అదే జరిగింది. కారు గట్టు మొదట్లోనే జారి ఆగిపోయింది, కిలోమీటరు పైన బురదలో డీజిల్ క్యాన్ మోసుకుంటూ పరిగెత్తా. ఆ టైంలో ట్రాక్టర్ వాడు ఫోనెందుకు ఎత్తుతాడు చెప్పండి.

పాత_స్పానర్
అలాగైతే కావాలి. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

కాఫీతోట_పాడేరు
మా దగ్గర లెక్క వేరు, కొండ, రాయి, ఏటవాలు. అయినా నేను వాడినవి చెప్తా. మొదట జిప్సీ ఉండేది, 1.3 లీటర్ పెట్రోల్ కింగ్. బరువు తక్కువ కాబట్టి బురదలో ఎక్కడికైనా వెళ్లేది, రిపేరు ఊళ్లో కుర్రాడు కూడా చేసేవాడు. కానీ నాలుగు చక్రాలకీ కమాన్ కట్టలే, ఏసీ లేదు. మా ఆవిడ రెండోసారి ఎక్కనంది. తర్వాత 2015 మహీంద్రా థార్ సీఆర్‌డీఈ, డీజిల్‌ది. దానికి ఇప్పటికీ దండం పెడతా, వంట్లమామిడి నుంచి పాడేరు ఘాట్ దాకా లోడుతో ఎన్నిసార్లు తిరిగిందో. కానీ వెనక సీట్లు ఎదురెదురుగా పక్కకి తిరిగి ఉంటాయి, మీ అమ్మగారిని దాంట్లో విజయవాడ తీసుకెళ్తే మీతో మాట్లాడరు.

2020 తర్వాత వచ్చిన కొత్త థార్ చూసేటప్పుడు ఒక మాట. 2023 మొదట్లో టూ వీల్ డ్రైవ్ థార్ కూడా వచ్చింది, 1.5 డీజిల్. బయట నుంచి చూస్తే తేడా తెలీదు, అమ్మేవాళ్లు ‘థార్ డీజిల్’ అని మాత్రమే రాస్తారు. గేరు లివర్ పక్కన రెండో లివర్ ఉందో లేదో లోపల తొంగి చూడండి.

నిజాంపేట్_నాని
అన్నా, మారుతి జిమ్నీ చూడు. 2023 జూన్‌ల వచ్చింది, అన్ని వేరియంట్లల ఫోర్ బై ఫోర్ ఉంటది, లో రేంజ్ కూడా ఉంది, అంటే మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేరు. పొడవు నాలుగు మీటర్ల లోపే, బరువు 1,200 కిలోలే. సన్న గట్టు మీద వెనక్కి తిప్పుకోవాలంటే ఇంతకంటే సులువైంది లేదు. నేను వికారాబాద్ దిక్కు తోటకి పోతా, ఇప్పటిదాకా ట్రాక్టర్ పిలిచే పని పడలే.

గట్టుమీద_బండి
నాకూ అదే నచ్చింది తమ్ముడూ, కానీ అది నలుగురికే. మేం ఐదుగురం. అక్కడే ఆగిపోయా.

సూళ్లూరుపేట_రాజు
ఇసుజు వి-క్రాస్ పికప్ గురించి ఎవరూ అనలేదేంటి? మా పక్కనే శ్రీసిటీలో తయారవుతుంది, 2016 నుంచి ఉంది. 2.5 లీటర్ పాతవి మీ బడ్జెట్‌కి కాస్త అటూఇటూగా దొరకొచ్చు. పికప్ అయినా ప్రైవేటు రిజిస్ట్రేషనే, తెల్ల ప్లేటు. మేత బస్తాలు ట్రేలో వేసి కడిగేసుకోవచ్చు, కారు లోపల రొయ్య వాసన ఉండదు, ఇది చిన్న విషయం కాదండోయ్, నెల రోజులు కారులో మేత మోస్తే స్కూలుకెళ్లే పిల్లలు ముక్కు మూసుకుంటారు.

కష్టం ఏంటంటే పొడవు దాదాపు 5.3 మీటర్లు. మీ గట్టు వెడల్పు ఎంతో చూసుకోండి. చివర తిప్పుకునే చోటు లేకపోతే కిలోమీటరు రివర్సులో రావాలి, అదీ రెండు పక్కలా చెరువు. ఖాళీగా ఉన్నప్పుడు వెనక కమాన్ కట్టలు కుదుపుతాయి, వంద కిలోలు వేస్తే మెత్తబడుతుంది.

బొలెరో క్యాంపర్‌లో కూడా ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కానీ అది పసుపు ప్లేటు, ఫిట్‌నెస్ తిప్పలు ఉంటాయి, స్కూలుకి, మీ అమ్మగారికి అంటే కష్టమే.

పాత_స్పానర్
బ్రాండు సంగతి తర్వాత. మొగల్తూరు అంటే ఉప్పునీటి చెరువులు కాబట్టి అసలు విషయం చెప్తా. ఇంజిన్ బాగోలేకపోతే చేయించుకోవచ్చు, గేర్‌బాక్సు మార్చొచ్చు. చాసిస్, అంటే బండి కింది ఇనుప చట్రం, తుప్పు పడితే ఇక బండి లేదు. సముద్రం పక్కన, ఉప్పు చెరువుల మీద తిరిగిన బండి పైన మెరుస్తూనే ఉంటుంది. ర్యాంపు ఎక్కించి కింద చూడండి. చిన్న సుత్తి తీసుకెళ్లి చాసిస్ మీద, ముఖ్యంగా వెనక చక్రాల పైన వంపు తిరిగే చోట, అడ్డ కమ్మీలు (క్రాస్ మెంబర్లు) అతికే చోట మెల్లగా కొట్టండి. ఠంగుమంటే మంచిది. డబ్ అని మోగి పొరలు రాలితే అక్కడి నుంచి వచ్చేయండి. కింద కొత్తగా నల్లరంగు కొట్టించి ఉంటే నాకు ముందు అనుమానమే వస్తుంది.

తర్వాత డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ ప్లగ్గులు విప్పించండి. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్లు పోయాయని అర్థం. ఇది నాకు సొంత అనుభవం, నీళ్లలోంచి తోలి, డిఫరెన్షియల్‌కి గాలి ఆడే బ్రీదర్ పైపు సంగతి పట్టించుకోలేదు, బేరింగులన్నీ మార్చుకున్నా. తప్పు నాదే.

ఇక ఫోర్ బై ఫోర్ పని చేస్తుందో లేదో తారురోడ్డు మీద చూడకండి. కావాల్సినప్పుడే వేసుకునే పార్ట్ టైం సిస్టమ్‌లో, ముందు వెనక చక్రాల్ని వేరువేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు, ఎండిన రోడ్డు మీద ఫోర్ హై (నాలుగు చక్రాలు, మామూలు గేర్లు) వేసి స్టీరింగ్ తిప్పితే బిగుసుకుపోయి చక్రాలు గెంతుతాయి, అది బండి లోపం కాదు. మట్టి మైదానంలోకి తీసుకెళ్లండి. స్కార్పియో, సఫారీ స్టార్మ్ లాంటి వాటిలో లివరు లేదు, తిప్పే నాబ్ ఉంటుంది, లోపల మోటారు మారుస్తుంది. ఏళ్ల తరబడి వాడకపోతే అది పట్టేస్తుంది. ఫోర్ లో (నాలుగు చక్రాలు, లో రేంజ్) కోసం బండి ఆపి న్యూట్రల్‌లో పెట్టి తిప్పాలి. పడుతుందా, మళ్లీ వెనక్కి టూ హైకి (మామూలు టూ వీల్ డ్రైవ్‌కి) వస్తుందా రెండూ చూడండి. పడటమే కాదు, రావడం కూడా ముఖ్యం.

డస్టర్_వాడుకరి
ఏడబ్ల్యూడీ (ఆల్ వీల్ డ్రైవ్) రెనో డస్టర్ ఏడేళ్లు వాడాను, గుంటూరు. 2014లో వచ్చింది, 110 పీఎస్ డీజిల్. లో రేంజ్ లేదు కానీ ఫస్ట్ గేరు బాగా పొట్టిది, మెల్లగా పాకుతుంది. హైవే మీద ఇక్కడ చెప్పిన ఏ బండీ దీని దగ్గరికి రాదు. అమ్మగారి ప్రయాణానికి దీన్ని మించింది లేదంటాను. నాలుగు టైర్లూ ఒకటే కంపెనీ, ఒకేలా అరిగి ఉండాలి, లేకపోతే వెనక చక్రాలకి పవర్ పంపే కప్లింగ్ మీద భారం. సీటు కింద మేత బస్తా చిరిగితే మాత్రం… అది వేరే కథ.

బెజవాడ_బాబాయ్
విజయవాడ బండి కొనేట్టయితే 2024 సెప్టెంబరు బుడమేరు వరద గుర్తుంచుకోండి. సింగ్ నగర్ వైపు ఎన్ని బళ్లు మునిగాయో మా కళ్లారా చూశాం. వాటిలో కొన్ని శుభ్రం చేయించి వేరే జిల్లాలకి అమ్మేశారు. సీటు బెల్టు పూర్తిగా చివరిదాకా లాగి చూడండి, బురద చార కనబడుతుంది. సీటు పట్టాల సందులు, స్టెప్నీ గుంట, డాష్ కింద వైర్ల మీద సన్నటి ఒండ్రు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ అడగండి.

ఢిల్లీ బండి చవకని ఆశపడకండి. పదేళ్లు దాటిన డీజిల్ మీద అక్కడ పెట్టిన ఆంక్షల వల్లే ఇటు దిగాయి. ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, పదిహేనేళ్లకి రెన్యువల్. మా బావమరిది చవకగా కొన్నానని మురిసిపోయాడు, అన్నీ కలిపితే ఇక్కడి రేటే అయింది, పైగా నాలుగు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగాడు.

కాఫీతోట_పాడేరు
ఇంకొక్క మాట. ఫోర్ బై ఫోర్ ఉంటే బండి కదులుతుంది, అంతేగానీ బ్రేకు ఎక్కువ పడదు. జారుడు గట్టు మీద ధైర్యం వచ్చి స్పీడు పోతే చెరువులోకే. గట్టు ఎక్కే ముందు టైర్లలో గాలి 20 పీఎస్‌ఐ దాకా తగ్గించండి, రోడ్డెక్కాక మళ్లీ కొట్టుకోండి. చిన్న కంప్రెసర్ డిక్కీలో పడేసుకుంటే సరి. నల్లమట్టి గాడుల్లో నిండిపోతే ఎంత ఖరీదు టైరైనా నున్నటి గుండులా అయిపోతుంది.

గట్టుమీద_బండి
అందరికీ థాంక్సండీ. మూడు వారాల్లో నాలుగు బళ్లు చూశా. గట్టు కొలిచా, వి-క్రాస్ తిప్పుకునే చోటు లేదు. నరసాపురంలో ఒక స్కార్పియో చూశా, లోపల సీట్లు కొత్తవి, కింద నల్లరంగు తళతళ. స్పానర్ గారు చెప్పినట్టు సుత్తితో కొడితే అరచేయంత పొర ఊడి నా మొహం మీదే పడింది. ఓనరు కోపంగా ‘ఎవరయ్యా నువ్వు’ అన్నాడు.

చివరికి జంగారెడ్డిగూడెం వైపు ఒక రైతు దగ్గర 2016 స్కార్పియో ఫోర్ వీల్ డ్రైవ్ దొరికింది. లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది, ఉప్పు నీళ్లు చూడని బండి. ఫోర్ లో మొదట పడలేదు, కనెక్టర్ శుభ్రం చేస్తే నాలుగోసారికి పడింది, ఆ వంకన ఇరవై వేలు తగ్గించా. ఆయిళ్లన్నీ మార్పించా, రెండు టైర్లు మార్చాలి. గట్టు నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కింద కడగాలని కుర్రాడికి చెప్పా, వాడు రెండు రోజులు చేశాడు, మూడో రోజు నేనే పట్టుకున్నా పైపు.

అమ్మ ఎక్కలేకపోతోంది, ఫుట్‌బోర్డు వేయించాలి. వాన ఇంకా పడలేదు. పడ్డాక గట్టు మీద ఎలా ఉందో రాస్తా.