తమ్ముడి మూత్రంలో రక్తం: జీన్ టెస్టా, మళ్లీ బయాప్సీయా?

తమ్ముడికి 17 ఏళ్లు, ఉండేది కూకట్‌పల్లిలో. గొంతు నొప్పి వచ్చిన మర్నాడే మూత్రం డికాషన్ రంగులో వస్తోంది, రెండు మూడు రోజుల్లో తేటపడినా మైక్రోస్కోప్‌లో రక్తకణాలు మాత్రం పోవట్లేదు. యాంటీబయాటిక్స్ వాడాం, లాభం లేదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9, మూత్రంలో ప్రొటీన్ ఒక ప్లస్, రక్తంలో సీ3 (రోగనిరోధక వ్యవస్థ ప్రొటీన్) నార్మల్. ఐజీఏ నెఫ్రోపతీ (ఐజీఏ యాంటీబాడీలు కిడ్నీలో పేరుకునే జబ్బు) అనుకుని కిడ్నీ బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి చూడటం) చేస్తే ఇమ్యునోఫ్లోరసెన్స్‌లో (అలాంటి యాంటీబాడీలు మెరిసి కనబడే పరీక్ష) ఏమీ పేరుకున్నట్టు కనబడలేదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి ముక్క తీసి ఉంచలేదట! అమ్మ మూత్రంలోనూ రక్తకణాలున్నాయి, మేనమామకి చిన్నప్పటి నుంచే వినికిడి తక్కువ, అందుకే ఎక్స్ క్రోమోజోమ్ మీది సీఓఎల్4ఏ5 జీన్‌తో వచ్చే ఆల్‌పోర్ట్ సిండ్రోమేమోనని (కిడ్నీలనీ వినికిడినీ దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) టెన్షన్. తమ్ముడి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) నార్మలే, కానీ వినికిడి తర్వాత కూడా తగ్గొచ్చంటారు. మళ్లీ సూది అంటే ససేమిరా అంటున్నాడు.

సీఓఎల్4ఏ3, 4, 5 మూడూ చూసే జీన్ టెస్ట్‌తోనే తేలిపోయిందా మీలో ఎవరికైనా, లేక రెండో బయాప్సీ తప్పలేదా?