గ్రాంటు తీసుకోవాలా, బ్యాంకు అప్పు తీసుకోవాలా: మా మహిళా సంఘంలో తెగని చర్చ

సంఘం కార్యదర్శి (ప్రశ్న):

మాది ఇరవై మందికి మించని గ్రామీణ మహిళా పొదుపు సంఘం. పొదుపు జమలు, అంతర్గత అప్పుల వసూళ్లు ఇంతవరకు సక్రమంగానే సాగుతున్నాయి. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, సభ్యుల పాస్ పుస్తకాలు ఒకదానితో ఒకటి సరిపోలుతున్నాయి. ఇప్పుడు మా ముందుకు దాదాపు ఒకేసారి రెండు ప్రతిపాదనలు వచ్చాయి. ఒక స్వచ్ఛంద సంస్థ యంత్రాల కొనుగోలుకు గ్రాంటు ఇస్తామంటోంది. అయితే సభ్యులందరూ కలిసి ఒకే ఉమ్మడి వ్యాపారం పెట్టాలని, మొత్తం ఖర్చులో నాలుగో వంతు సంఘమే భరించాలని, మిగిలిన మొత్తాన్ని బిల్లులు చూపిన తరువాతే చెల్లిస్తామని షరతులు పెట్టింది. బ్యాంకు మాత్రం ఏ వ్యాపారమన్నది పట్టించుకోకుండా, సభ్యులందరి ఉమ్మడి పూచీ మీద అప్పు ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. వాయిదాలు మొదటి నెల నుంచే కట్టాలి.

మా సభ్యుల్లో సుమారు సగం మందికి కుట్టుపని, చిల్లర అమ్మకం, పశుపోషణ వంటి సొంత వ్యాపారాలు ఉన్నాయి. తక్కిన వారికి వ్యాపారం మీద ఆసక్తి లేదు. తమ పొదుపు భద్రంగా ఉండి, అవసరానికి అప్పు దొరికితే చాలునంటున్నారు. వడ్డీ లేని డబ్బును కాలదన్నుకోవద్దని కొందరు, ఉమ్మడి వ్యాపారం పెడితే సంఘమే చీలిపోతుందని మరికొందరు వాదిస్తున్నారు. ఈ రెండింటిలో దేన్ని ఎంచుకోవాలో, ఏ ప్రాతిపదికన నిర్ణయించుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

సంఘాల శిక్షకురాలు:

కార్యదర్శి గారూ, గ్రాంటా అప్పా అన్న ప్రశ్నకు ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. పొదుపు చేసుకునే సంఘమూ, వ్యాపారం చేసే సంస్థా ఒకటి కావు. పొదుపు సంఘంలో అందరి హక్కులూ సమానం. పది మంది మౌనంగా ఉన్నా సంఘం నడుస్తుంది. వ్యాపారంలో అలా కుదరదు. రోజూ యంత్రం దగ్గర కూర్చునేదెవరు, సరుకు అమ్ముడుపోకపోతే నష్టం ఎవరిది, ఎక్కువ గంటలు పనిచేసినవారికి ఎంత ముట్టాలి అన్నవి తేల్చకుండా అందరినీ సమాన భాగస్వాములుగా రాసుకుంటే, పని కొందరి మీద పడి లాభం అందరికీ పంచవలసి వస్తుంది. నేను చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం డబ్బు లేక వచ్చినవి కావు, పని పంపకం దగ్గర వచ్చినవే.

గ్రాంటు ఇచ్చే సంస్థలు అందరూ కలిసి ఒకే వ్యాపారం పెట్టాలని ఎందుకు అడుగుతాయో కూడా అర్థం చేసుకోవాలి. ఇరవై వేర్వేరు పనులను పర్యవేక్షించడం కంటే ఒక్కచోట పెట్టిన యంత్రాన్ని చూపించి నివేదిక రాసుకోవడం వారికి సులువు. అంటే ఆ షరతు వారి సౌకర్యం కోసం పెట్టినది. కాబట్టి దాన్ని మార్చమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఆసక్తి ఉన్న సభ్యులు మాత్రమే ఉపసంఘంగా ఏర్పడి, వేరే బ్యాంకు ఖాతా, వేరే లెక్కల పుస్తకం పెట్టుకుని ఆ పని చేపడతామని రాతపూర్వకంగా అడగండి.

పొదుపు వైపు ఉన్నవారిని వెనకబడినవారుగా చూడటం నాకు నచ్చదు. 1991లో నైజర్ దేశంలో కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ మొదలుపెట్టిన గ్రామీణ పొదుపు, రుణ సంఘాల పద్ధతిలో బయటి నుంచి పెట్టుబడి ఏదీ రాదు. సభ్యులు తమ పొదుపులోంచే అప్పులిచ్చుకుని, ఏడాది చివర అసలునూ వడ్డీ ఆదాయాన్నీ వాటాల ప్రకారం పంచుకుని, కావాలంటే మళ్లీ మొదలుపెడతారు. డబ్బు పెట్టెకు మూడు తాళాలు, ఆ తాళపుచెవులు ముగ్గురు వేర్వేరు సభ్యుల దగ్గర. ఆఫ్రికాలో ఎన్నో దేశాలకు విస్తరించిన ఈ పద్ధతిలో ఉమ్మడి వ్యాపారం అన్న మాటే లేదు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

శిక్షకురాలు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, డబ్బు రాకపోకల సంగతి చెబుతాను. గ్రాంటుకు వడ్డీ లేదన్న మాట నిజమే గాని, ఖర్చు లేదన్న మాట నిజం కాదు. బిల్లులు చూపిన తరువాత చెల్లిస్తామంటున్నారంటే, యంత్రం కొనడానికి పూర్తి మొత్తం ముందు మీ చేతిలో ఉండాలి. నాటి ఐరోపా సముదాయం (నేటి ఐరోపా సమాఖ్య) 1991లో లీడర్ పేరుతో మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి కార్యక్రమంలో ఏ ప్రాజెక్టుకు సాయం చేయాలో నిర్ణయించే అధికారాన్ని స్థానిక కార్యాచరణ బృందాలకే ఇవ్వడం గొప్ప విషయమే. అయినా అక్కడ కూడా ముందు ఖర్చు పెట్టి తరువాత రాబట్టుకోవలసి రావడం చిన్న సంఘాలకు అడ్డంకిగానే ఉంటోంది. చేతిలో సొమ్ము లేని సంఘం ఆ మధ్యకాలానికి అధిక వడ్డీకి అప్పు తెస్తే, ఉచితమనుకున్న సాయంలో కొంత ఆ వడ్డీకే పోతుంది. కాబట్టి యంత్రం అమ్మినవారికి నేరుగా చెల్లించమనండి. అది కుదరకపోతే సగమైనా ముందస్తుగా ఇవ్వమనండి. ఈ రెంటిలో ఏదీ ఒప్పుకోకపోతే, ఆ గ్రాంటు మీ వంటి సంఘం కోసం రూపొందించినది కాదని నా అభిప్రాయం.

ఇక అప్పు విషయం. అందరూ ముందుగా వడ్డీ రేటు అడుగుతారు. నేనైతే మొదటి వాయిదా ఎప్పుడని అడగమంటాను. కుట్టు మిషను కొన్న మహిళకు ఆ యంత్రం మీద ఆదాయం స్థిరపడటానికి కొంత కాలం పడుతుంది. మొదటి నెల నుంచే వాయిదా కట్టాలంటే ఆమె అప్పులో కొంత భాగాన్ని వాయిదాల కోసమే పక్కన పెట్టుకోవలసి వస్తుంది. కోల్‌కతాలో మహిళా రుణగ్రహీతల మీద జరిగి 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కొందరికి రెండు వారాల తరువాత, మరికొందరికి రెండు నెలల తరువాత వాయిదాలు మొదలుపెట్టారు. రెండు నెలల గడువు దొరికినవారు వ్యాపారంలో ఎక్కువ పెట్టుబడి పెట్టారు; సుమారు మూడేళ్ల తరువాత చూసినా వారి లాభాలే ఎక్కువగా ఉన్నాయి. అయితే వారిలో ఎగవేతలు కూడా పెరిగాయి. బ్యాంకులు మారటోరియం (వాయిదాలు మొదలయ్యే ముందు ఇచ్చే గడువు) ఇవ్వడానికి వెనకాడేది అందుకే. మీ సంఘం వసూళ్ల చరిత్ర బాగుంది కాబట్టి, అది చూపించి అడగండి.

వడ్డీని ఏ పద్ధతిలో లెక్కకడుతున్నారో కూడా తెలుసుకోండి. ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీ అంటే, అసలు నెలనెలా తగ్గుతున్నా మొదటి రోజు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. పన్నెండు నెలసరి వాయిదాల్లో తీర్చే అప్పుకు అది తగ్గుతున్న నిల్వ (ఇంకా తీర్చవలసిన అసలు) మీద దాదాపు 21.5 శాతం వడ్డీతో సమానం. ఫ్లాట్ రేటు చెప్పిన సంస్థనూ, తగ్గుతున్న నిల్వ మీద రేటు చెప్పిన సంస్థనూ అంకెలు చూసి పోల్చకండి; మొత్తం మీద ఎంత తిరిగి కట్టాలో ఇద్దరినీ కాగితం మీద రాసి ఇమ్మనండి.

ఉమ్మడి పూచీ గురించి ఒక్క మాట. అప్పు అక్కరలేని సగం మందిని పూచీలోకి లాగడం న్యాయం కాదు. ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు ఉమ్మడి పూచీని తీసివేసి వ్యక్తిగత పూచీకి మారినప్పుడు, సమావేశాలు, వసూళ్లు మునుపటిలాగే సాగినచోట ఎగవేతలు పెరగలేదని పరిశోధకులు గమనించారు. బ్యాంకు పూచీ కావాలని పట్టుబడితే, అప్పు తీసుకునేవారే అయిదారుగురు కలిసి చిన్న ఉమ్మడి బాధ్యతా బృందంగా ఏర్పడవచ్చు.

అధ్యయనాలు చదివే ఒక పాఠకురాలు:

పై ఇద్దరూ డబ్బు సంఘం దాకా ఎలా వస్తుందో చెప్పారు. ఇంటికి వెళ్లాక ఏమవుతుందన్నది కూడా చూడాలి. శ్రీలంకలో చిన్న వ్యాపారులకు లాటరీ పద్ధతిలో గ్రాంట్లు ఇచ్చి పరిశీలించినప్పుడు పురుషుల వ్యాపారాల్లో లాభాలు బాగా పెరిగాయి, మహిళల వ్యాపారాల్లో మాత్రం పెరగలేదు. మహిళలకు వ్యాపార దక్షత తక్కువని దీన్నిబట్టి తేల్చినవారు తొందరపడ్డారు. భారత్, శ్రీలంక, ఘనా దేశాల వివరాలను మళ్లీ పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం అసలు కారణాన్ని చూపింది. ఇంట్లో మరొకరికి కూడా వ్యాపారం ఉన్నచోట, మహిళ పేరున వచ్చిన పెట్టుబడి చాలావరకు ఆ రెండో వ్యాపారంలోకి మళ్లుతోంది. ఆ ఇంట్లో వ్యాపారం ఆమె ఒక్కతిదే అయినప్పుడు ఆమెకు వచ్చే ప్రతిఫలం పురుషులకు వచ్చేదానికి తీసిపోవడం లేదు.

అలా మళ్లడం ఎప్పుడూ తప్పేనని నేను అనను. ఇంటికి ఎక్కువ లాభం ఎక్కడ వస్తుందో చూసి ఆమే అలా నిర్ణయించి ఉండవచ్చు. కాని వాయిదా కట్టవలసిన బాధ్యత మాత్రం ఆమె పేరునే ఉండిపోతుంది. అందువల్ల అప్పు దరఖాస్తు పరిశీలించేటప్పుడు, ఈ డబ్బు ఎవరి పనికి, ఆ పని మీద వచ్చే ఆదాయం ఎవరి చేతికి అని సంఘం సభలో అడిగి నమోదు చేయండి. నగదుకు బదులు సరుకో పరికరమో ఇస్తే అది వ్యాపారంలోనే నిలిచే అవకాశం ఎక్కువని ఘనాలో జరిగిన ప్రయోగం సూచిస్తోంది. అక్కడ కూడా మరీ చిన్న వ్యాపారాలు చేసే మహిళలకు దానివల్ల పెద్దగా మేలు జరగలేదు.

బ్యాంకు అప్పును అతిగా నమ్ముకోవద్దని కూడా చెప్పాలి. హైదరాబాదులో జరిగినదానితో సహా, ఆరు దేశాల్లో సూక్ష్మరుణాల మీద జరిగిన ఆరు అధ్యయనాలు 2015లో ఒకేచోట వెలువడ్డాయి. సగటు కుటుంబ ఆదాయం గణనీయంగా పెరిగినట్టు వాటిలో కనిపించలేదు. వ్యాపారం చేయాలనుకునేవారికి వెసులుబాటు దొరుకుతుంది, అంతే. ఒకే మహిళకు నాలుగు సంస్థలు అప్పులిచ్చి వసూళ్లకు ఒత్తిడి తెస్తే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్‌లో 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చే దాకా వెళ్లిన సంక్షోభం చూపింది. మీ సభ్యులకు బయట ఇంకెన్ని అప్పులున్నాయో అడగకుండా కొత్త అప్పు మంజూరు చేయకండి.

సంఘం కార్యదర్శి:

అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చను సంఘం సభలో చదివి వినిపించాము. ఆసక్తి ఉన్నవారు మాత్రమే ఉపసంఘంగా ఏర్పడటానికి గ్రాంటు ఇచ్చే సంస్థ సూత్రప్రాయంగా అంగీకరించింది. యంత్రం సరఫరాదారుకు నేరుగా చెల్లించే విషయాన్ని పరిశీలిస్తామన్నారు. రెండు సందేహాలు మిగిలాయి. మేము పెట్టవలసిన నాలుగో వంతు వాటాను సంఘం పొదుపులోంచి తీయవచ్చా? ఉపసంఘంలోంచి ఎవరైనా మధ్యలో తప్పుకుంటే యంత్రంలో వారికి హక్కు ఉంటుందా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

పొదుపు సభ్యులందరి సొమ్ము. దాన్ని ఉపసంఘం వాటాగా నేరుగా పెట్టడం సరికాదు. అందరూ ఒప్పుకుంటే, మిగతా అంతర్గత అప్పుల మాదిరిగానే వడ్డీ, గడువు రాసుకుని ఉపసంఘానికి అప్పుగా ఇవ్వండి. పొదుపు మొత్తాన్ని ఒకే అప్పులో పెట్టకండి. ఆసుపత్రి ఖర్చుకో చదువు ఫీజుకో అప్పు అడిగే సభ్యురాలిని, డబ్బంతా యంత్రంలో ఉందని చెప్పి పంపించే స్థితి రాకూడదు. సభ్యుల శ్రమను, స్థలాన్ని, షెడ్డును వాటాలో భాగంగా లెక్కించడానికి కొన్ని సంస్థలు అంగీకరిస్తాయి. ముందు అది అడిగి చూడండి.

సంఘాల శిక్షకురాలు:

యంత్రం హక్కు గురించి గ్రాంటు ఒప్పందంలో ఏముందో ముందు చదవండి. ప్రాజెక్టు ముగిసేదాకా యంత్రం తమదేనని, లేదా ఇన్నేళ్ల దాకా అమ్మకూడదని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ఆ గడువు తరువాత యంత్రం ఉపసంఘానిదా, మొత్తం సంఘానిదా అన్నది ఇప్పుడే రాయించుకోండి. యంత్రం సంఘం ఆస్తిగా ఉండి, ఉపసంఘం వాడకానికి అద్దె కట్టే పద్ధతి మీకు సరిపోతుందని నాకు అనిపిస్తోంది. అప్పుడు తప్పుకున్నవారు తాము పెట్టిన సొమ్మును, లెక్క తేలిన లాభాన్ని తీసుకుని వెళతారు. యంత్రంలో ముక్క అడిగే పరిస్థితి రాదు. వ్యాపారం చేయని సభ్యులకు కూడా ఆ అద్దె మీద హక్కు ఉంటుంది కాబట్టి, గ్రాంటు కొందరికే దక్కిందన్న మాట రాదు.

అద్దెలో కొంత భాగాన్ని మరమ్మతులకు, కొంత కాలానికి కొత్త యంత్రం కొనడానికి విడిగా జమ చేయండి. ఈ నిధి లేని చోట మోటారు కాలిపోయిన రోజున మరో గ్రాంటు కోసం దరఖాస్తు రాయడం మొదలవుతుంది. యంత్రం రోజుకు ఎన్ని గంటలు నడిచింది, ఎవరు వాడారు అన్న నమోదు పుస్తకాన్ని మొదటి రోజు నుంచే పెట్టండి. అద్దె తగాదా వచ్చినా, మారటోరియం కోసం బ్యాంకుకు ఆదాయం చూపవలసి వచ్చినా ఆ పుస్తకమే పనికొస్తుంది.