నిలువు ఫోటోలు బ్లాగులో అడ్డం పడుతున్నాయి, పెద్దవి అసలు ఎక్కడం లేదు

అడ్డబొమ్మ:
నా బ్లాగు సొంత హోస్టింగ్‌లో వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. ఫోన్లో నిటారుగా కనిపించే ఫోటోలు టపాలో పక్కకి ఒరిగిపోతున్నాయి. అన్నీ కాదు, నిలువుగా తీసినవే. వింతేంటంటే, మీడియా లైబ్రరీలోంచి ఒరిజినల్ ఫైలు తెరిస్తే సరిగ్గానే నిలబడుతోంది. రంగులు కూడా కాస్త వెలిసినట్టున్నాయి.

50 మెగాపిక్సెల్ మోడ్‌లో తీసినవైతే నూరు శాతం దాకా ఎక్కి, సర్వర్ ప్రాసెస్ చేయలేకపోతోంది, 2560 పిక్సెళ్లకి తగ్గించి చూడమని ఎర్రర్ ఇస్తోంది. ఫైలు చూస్తే 9 ఎంబీయే, అప్‌లోడ్ పరిమితి 64 ఎంబీ.

ఇంకోటి: ఆల్బమ్ యాప్‌లోంచి బొమ్మ లింకు కాపీ చేసి టపాలో పెడితే మర్నాటికి ఖాళీ డబ్బా. ఇవన్నీ ఒకే జబ్బా, వేర్వేరా?

సర్వర్‌గది:
మొదటివన్నీ ఒకే చోట పుట్టినవి. ఆల్బమ్ లింకు గొడవ వేరు.

మీరన్న "ఒరిజినల్ నిలబడుతోంది" అన్న ముక్కలోనే సగం జవాబుంది. ఫోన్ నిలువుగా పట్టుకున్నా చాలా ఫోన్లు పిక్సెళ్లని అడ్డంగానే రాస్తాయి. పక్కనే ఎగ్జిఫ్‌లో (ఫోటో ఫైల్లోనే దాగి ఉండే వివరాలు) ఓరియెంటేషన్ అని ఒక అంకె వేస్తాయి: 1 అంటే ఉన్నదున్నట్టు, 6 అంటే చూపించేటప్పుడు కుడివైపుకి 90 డిగ్రీలు తిప్పు, 8 అంటే ఎడమవైపుకి, 3 అంటే తలకిందులు. బ్రౌజర్లు 2020 నుంచి ఆ అంకెని మన్నిస్తున్నాయి. ఒరిజినల్‌లో అంకె ఉంది కాబట్టి అది నిలబడుతోంది. టపాలో కనిపించేది ఒరిజినల్ కాదు, వర్డ్‌ప్రెస్ తయారుచేసిన చిన్న కాపీ. ఆ కాపీని సర్వర్‌లో బొమ్మలు చిన్నవి చేసే జీడీ లైబ్రరీ చేస్తే పిక్సెళ్లే మిగులుతాయి, ఎగ్జిఫ్ మొత్తం పోతుంది.

5.3 వెర్షన్ (2019) నుంచి వర్డ్‌ప్రెస్ కాపీలు చేసేటప్పుడే తిప్పుతుంది. కానీ అంకె చదవాలంటే పీహెచ్‌పీలో (వర్డ్‌ప్రెస్ రాసిన భాష) ఎగ్జిఫ్ ఎక్స్‌టెన్షన్ ఉండాలి. లేకపోతే ఎర్రర్ కూడా చూపించదు, గమ్మున ఊరుకుంటుంది. టూల్స్‌లో సైట్ హెల్త్ తెరిచి, ఇన్ఫో ట్యాబ్‌లో మీడియా హ్యాండ్లింగ్ చూడండి. యాక్టివ్ ఎడిటర్ జీడీయా, అదే పని చేసే ఇమాజిక్ అనే ఇంకో లైబ్రరీయా అన్నది అక్కడ ఉంటుంది. ఎగ్జిఫ్ లేకపోతే స్టేటస్ ట్యాబ్ చెబుతుంది.

రంగులదీ అదే దారి. ఫోన్ డిస్‌ప్లే పీ3 ప్రొఫైల్‌తో (రంగుల్ని ఎలా చదవాలో చెప్పే చీటీ) తీస్తే, జీడీ ఆ ప్రొఫైల్‌ని పారేస్తుంది. బ్రౌజర్ ఆ ఫోటోని వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో ఉందనుకుని చూపిస్తుంది, ఎరుపులూ ఆకుపచ్చలూ చప్పబడతాయి. ఇమాజిక్ ప్రొఫైల్‌ని ఉంచుతుంది.

ఇక పెద్ద ఫోటోలు. 9 ఎంబీ అన్నది కుదించిన లెక్క. చిన్నది చేయాలంటే ముందు విప్పాలి: 8160 × 6120 అంటే దాదాపు 5 కోట్ల పిక్సెళ్లు, జీడీకి ఒక్కోదానికి 4 బైట్లు, వెరసి 200 ఎంబీ. పీహెచ్‌పీకి ఇచ్చిన మెమరీ లిమిట్ 128 ఎంబీ దగ్గర ఉంటే అక్కడికక్కడే చతికిలబడుతుంది. అంటే ఫైలు గుమ్మం దాటింది, గదిలో పట్టలేదు. 12 మెగాపిక్సెల్ ఫోటోకి 48 ఎంబీయే కాబట్టి అవి ఇబ్బంది పెట్టవు.

హోస్టింగ్ ప్యానెల్‌లో పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ల దగ్గర ఎగ్జిఫ్, ఇమాజిక్ రెండూ టిక్ చేయండి. మెమరీ లిమిట్ కనీసం 256 చేయండి. పాత ఫోటోలు వాటంతటవి బాగుపడవు. బ్యాకప్ తీసుకుని థంబ్‌నెయిల్స్ రీజనరేట్ చేయాలి, అంటే చిన్న కాపీలని మళ్లీ తయారుచేయించాలి. మీడియా ఎడిటర్‌లో చేత్తో తిప్పుకున్నవి ఉంటే వాటి జోలికి పోవద్దు.

చిన్నసైజు:
పైన చెప్పింది సరైనదే గానీ, నా ఓటు అప్‌లోడ్‌కి ముందే సరిచేసుకోవడానికి. ఫోన్ ఒరిజినల్ సర్వర్ మీద ఉండటమే నాకు నచ్చదు.

2560 దాటిన ఫోటోకి వర్డ్‌ప్రెస్ "స్కేల్డ్" అని తోక తగిలించి ఒక కాపీ చేసి, దాన్నే వాడుతుంది. ఒరిజినల్ ఎక్కడికీ పోదు. లింకులో ఆ తోక తీసేస్తే ఎవరికైనా తెరుచుకుంటుంది, అందులో జీపీఎస్ ఉంటే ఇంటి గుమ్మం దాకా దారి చూపించినట్టే. ఇమాజిక్‌కి మారాక ఇంకాస్త జాగ్రత్త: అది చిన్న కాపీల్లో కూడా ఎగ్జిఫ్‌ని ఉంచేస్తుంది. పైగా 150, 300, 768, 1024, 1536, 2048 సైజులు, స్కేల్డ్, ఒరిజినల్ కలిపి ఒక్క ఫోటోకి 8 ఫైళ్లు. థీమ్ అడిగేవి అదనం.

మీ కంప్యూటర్లో ఇమేజ్‌మాజిక్ అనే ప్రోగ్రామ్‌తో ఫోల్డర్ మొత్తం ఒక్క దెబ్బకి అవుతుంది, వరస మాత్రం ముఖ్యం: ఆటో-ఓరియెంట్, పొడవు వైపు 2048కి రీసైజ్, ఎస్‌ఆర్‌జీబీకి మార్పు, ఆఖర్న స్ట్రిప్ (ఎగ్జిఫ్, ప్రొఫైల్ అన్నీ తీసేయడం). స్ట్రిప్ ముందు పెడితే ప్రొఫైల్ పోయి మళ్లీ అదే వెలిసిన రంగు. ఫోటోలు తేలిక చేస్తామనే కొన్ని ప్లగిన్లు ఓరియెంటేషన్‌ని సరిగ్గా ఇలాగే చంపుతాయి. క్వాలిటీ 90 పెట్టండి. వర్డ్‌ప్రెస్ తన కాపీలని 82 దగ్గర మళ్లీ కుదిస్తుంది కాబట్టి మీరు 75తో ఇస్తే ఆకాశం గళ్లుగళ్లుగా కనిపిస్తుంది.

గొలుసులింకు:
ఆల్బమ్ లింకు సంగతి. షేర్ బటన్ ఇచ్చేది ఒక పేజీ చిరునామా, బొమ్మది కాదు. బొమ్మ మీద కుడి క్లిక్ చేసి తీసుకున్న చిరునామా ఆ సేవ తన అవసరానికి తయారుచేసుకున్నది, ఎప్పుడైనా మారుతుంది. గూగుల్ ఫోటోస్ ఏపీఐ (వేరే ప్రోగ్రాములు ఫోటోలు అడిగే దారి) ఇచ్చే చిరునామాకైతే ఆయుష్షు 60 నిమిషాలే. ఫ్లికర్‌లో ఎంబెడ్ కోడ్ అని విడిగా ఉంటుంది, అలాంటిది ఉంటేనే బయట ఫోటోని టపాలో పెట్టాలి. లేదంటే దించుకుని ఎక్కించడమే.

దించుకోడానికి వాట్సాప్ వాడేవాళ్లకి: ఫోటోగా పంపితే సైజు తగ్గి వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది, జీపీఎస్‌తో సహా.

అడ్డబొమ్మ:
ఎడిటర్ జీడీయే, ఎగ్జిఫ్ లేదు. రెండూ టిక్ చేసి రీజనరేట్ చేశాక నిలువువి నిలబడ్డాయి, రంగులూ సరే. 50 మెగాపిక్సెల్‌వి తగ్గించే ఎక్కిస్తాను. ఒక్క సందేహం: ఫైళ్లకీ టపాలకీ తెలుగు పేర్లు పెట్టొచ్చా?

సర్వర్‌గది:
శీర్షిక తెలుగులోనే ఉంచండి, స్లగ్ (లింకు చివర వచ్చే టపా పేరు) మాత్రం చేత్తో ఇంగ్లిష్ అక్షరాల్లో ఇవ్వండి. లింకులో ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తు 9 అక్షరాలవుతుంది. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కి ఇచ్చేది 200. అంటే 22 గుర్తులకే తెగిపోతుంది, గుణింతమూ వత్తూ విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి తెగేది మాట మధ్యలోనే. పాత టపాల స్లగ్ మార్చినా ఫరవాలేదు, పాత లింకుని వర్డ్‌ప్రెస్ కొత్తదానికి మళ్లిస్తుంది. ఎక్కించేసిన ఫోటో ఫైలు పేరు మాత్రం మార్చకండి, దానికి ఆ మళ్లింపు లేదు.